ఆపాల్సిన గోలీ

పోయిన నెల నా పరువు ఎలా పోయిందో వినండి. అదీ పొద్దున్నే, ఖాళీ కడుపుతో!

నాకు కడుపులో లింఫోమా అన్నారు. క్యాన్సరే, కానీ నెమ్మది రకం. కడుపులో చేరిన ఒక బ్యాక్టీరియా వల్ల వచ్చిందట. "ముందు దాన్ని చంపుదాం. చాలామందికి దాంతోనే గడ్డ కరిగిపోతుంది. లేకపోతే అప్పుడు వేరే ట్రీట్‌మెంట్" అన్నారు డాక్టర్. రెండు వారాలు యాంటీబయాటిక్స్, వాటితో ఒక గ్యాస్ గోలీ. ఆ తర్వాత నెలకి, అది చచ్చిందో లేదో గొట్టంలో ఊది చూసే టెస్ట్.

నేను గల్ఫ్‌లో, సజ్జా అనేచోట స్టోర్‌కీపర్‌ని. భార్యాపిల్లలు జగిత్యాలలో ఉంటారు. పిల్లలకి జ్వరమొస్తే ఇక్కడినుంచే రోజుకి మూడుసార్లు ఫోన్ చేసి "గోలీ మింగారా? నోరు తెరిచి చూపించండి" అనే రకం నేను. ఇప్పుడు నా వంతు వచ్చింది. ఎనిమిదో తరగతి చదివే మా శ్రావణి వీడియో కాల్‌లో "నాలుక లేపు డాడీ" అనేది. లేపేవాణ్ని.

డాక్టర్ ఇచ్చిన సూచనల కాగితం ఎక్కడ పోతుందోనని ల్యామినేషన్ చేయించి, రూములో కప్‌బోర్డ్ తలుపుకి గట్టిగా అంటించాను. యాంటీబయాటిక్స్ అయిపోయాయి. గ్యాస్ గోలీలు మాత్రం మళ్ళీ కొన్నాను. కడుపుకి మంచిదే కదా!

టెస్ట్ రోజు నర్సు హిందీలో అడిగింది. "గ్యాస్ గోలీ ఎప్పుడు ఆపారు?"

"ఆపడమా సిస్టర్! నిన్న కూడా వేసుకున్నా. ఒక్క రోజు తప్పలేదు!"

ఆమె పెన్ను కింద పెట్టేసింది. "ఖలాస్. ఇవాళ టెస్ట్ లేదు. ఆ గోలీ వేసుకుంటే బ్యాక్టీరియా ఉన్నా లేనట్టు చూపించొచ్చు. రెండు వారాల ముందే ఆపాలి. కాగితంలో రాశాం కదా?"

"లేదు సిస్టర్. ఆ కాగితం నాకు నోటికొచ్చు."

"వెనకవైపు?"

వెనకవైపు కప్‌బోర్డ్ తలుపు ఉంది!

బతికుందో చచ్చిందో తెలియని దాన్ని కడుపులో పెట్టుకుని ఇంకో రెండు వారాలు తిరిగాను. కాస్త మంట పుడితే చాలు, "బతికే ఉంది" అనుకునేవాణ్ని. చివరికి ఊదాను. పోయింది! గడ్డ సంగతి మూడు నెలలకి ఎండోస్కోపీలో చూస్తామని ఇంకో కాగితం చేతిలో పెట్టారు.

ఇంటికి ఫోన్ చేస్తే మా ఆవిడ ఏడ్చేసింది. శ్రావణి మాత్రం "ఆ కొత్త కాగితం మొత్తం పైకి చదువు డాడీ" అంది. చదివాను.

"గడబిడగ చదివినవ్. మళ్ల చదువు."

మళ్ళీ చదివాను. ఆమె ఇంకో మాట అనేలోపే మూడోసారి మొదలుపెట్టాను.