నయీం ఎక్కిన తొలి ట్రిప్పు

మా నయీం ఎట్లాంటోడని అడిగితే మొండోడు అంటా. మా అక్క కూతురు ఆసియా మొగుడు. ప్రొద్దుటూరులో నా లారీ బాడీల షెడ్డులోనే పని నేర్చినాడు. కలమల్ల కరెంటు ఫ్యాక్టరీ నుంచి బూడిద మోసే లారీలకు వాడు బిగించిన అడుగు రేకు ఊడిందని ఒక్కడూ తిరిగి రాలేదు. మాటలు తక్కువ, తిండి ఎక్కువ.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉండాది. బాడీ కట్టిన మేస్త్రీ తొలి ట్రిప్పులో వెనక, సరుకు పక్కనే కూర్చుని పోవాల. వాడు ఎక్కకపోతే డ్రైవరు బండి తీయడు. జమ్మలమడుగు దాకా పోయి టీ తాగి వస్తాం, అంతే.

తర్వాత నయీం గల్ఫుకు పోయినాడు. ఆడ మిలిటరీ సరుకు విమానాలు బాగుచేసే చోట చేరినాడు. వాటి లోపల అడుగున రోలర్లుంటాయంట. బియ్యం మూటలు, మందుల పెట్టెలు వాటి మీద తోస్తే లోపలికి జారిపోతాయంట. మన మొండోడు ఆడ కూడా ఊరి పద్ధతే పట్టినాడు. వాడు బిగించిన విమానం తొలిసారి లేస్తే వాడూ ఎక్కాల్సిందే. మొదట నవ్విన పైలట్లే పోనుపోను వాడు లేకుంటే తొలిసారి విమానం తీయమనేదాకా వచ్చినారు. ఆసియా ఈ మాట వీధంతా చెప్పుకొని మురిసింది. నేనూ ఛాతీ విరుచుకొని తిరిగినా, అబద్ధమెందుకు.

పోయిన ఎండాకాలం ఆ దేశానికి పక్క దేశంతో యుద్ధం ముదిరింది. బాంబులేసే విమానాలు చాలక సరుకు విమానాలనే మార్చమన్నారంట. అదే రోలర్లు, అదే వెనక తలుపు. గాల్లో తలుపు తెరిస్తే బాంబుల పెట్టెలు వరసగా జారి బయటపడాల. ఒక్కటి మధ్యలో ఇరుక్కున్నా లోపలుండే వాళ్ళు ఎవురూ మిగలరు. ఆ రోలర్ల పని నయీంకే ఇచ్చినారు. ఇది కాగానే వచ్చేస్తా, ఇంగ మామ షెడ్డులోనే ఉంటానని ఆసియాకు మాటిచ్చినాడు. టికెట్ కూడా తీసినాడు.

ఒక పొద్దు నాకు ఫోన్ చేసి, రేపే తొలి ట్రిప్పు అన్నాడు.

"ఎక్కొద్దు నయీం. అది బియ్యం బండి కాదప్పా," అన్నా.

"నేనెక్కకపోతే పనిలో ఏదో తేడా ఉందనుకుంటారు మామా. ఆ పైలట్లూ పిల్లలు గలోళ్ళే. అందరూ నా మొగమే జూస్తాండారు."

నోటికొచ్చినట్టు తిట్టినా. మన పద్ధతి గంగలో కలవనీ, నువ్వు ఇంటికి రా అన్నా. పొద్దున్నే లేవాలని వాడు ఫోన్ పెట్టేసినాడు.

మర్నాడంతా ఫోన్ కలవలేదు. ఆసియా పొయ్యి ముట్టించలేదు. టీవీలో ఏదో ఊరు, మిద్దెలన్నీ పొగ. ఛానెల్ మార్చు మామూ అనింది.

ఆ తర్వాతి రోజు ఫోన్ మోగింది. బతికుండాడు. ఆసియా ఏడ్చి, నవ్వి, ఫోన్ నా చేతిలో పెట్టి, చక్కెర గిన్నె ఎత్తుకొని బయటికి ఉరికింది. ఫోన్ తెర మీద వాడి మొగాన నెత్తురు చుక్క లేదు.

"యాడా ఇరుక్కోలా మామా. అన్నీ బాగా జారినాయి," అన్నాడు. "యాడ పడినాయో నేను జూడలా. టీవీలో ఏమన్నా జూపించినారా?"

ఆ మాటిడిసి, టికెట్ ఎప్పటికని అడిగినా.

"ఇంటికి పంపేది లేదన్నారు. నేనుంటేనే పోతామన్నారంట పైలట్లు. ఇంగ ప్రతి ట్రిప్పుకూ నేనెక్కాలంట. ఆసియాకు నువ్వే చెప్పు మామా."

గడప బయట ఆసియా పక్కింటి చాంద్‌బీ నోట్లో చక్కెర పోస్తాండాది, నా మొగుడు వచ్చేస్తాండాడని.