మామ బస్సుకు నేను చేసిన రిపేరు

కడపలో మా మామ ఇంటికి ఇప్పుడు ఎవరు పోయినా సరే, టీ చేతికి రాకముందే నా పేరు వస్తాది. ఆయన నన్ను పొగుడుతాండాడా, పరువు తీస్తాండాడా అనేది మొత్తం విన్నాక మీరే చెప్పండి. మొన్న ఆదివారం సంగతి ఇది.

మా మామ గవర్నమెంట్ బస్సు డ్రైవరుగా చేసి రిటైరైనాడు. కడప, కర్నూలు రూటు. సర్వీసంతా ఒక్క యాక్సిడెంట్ లేదు. ఒక్క కోడిపిల్లను గూడా తొక్కలే. ఈ మాట ఆయన చెప్పినన్ని సార్లు నేను నా పెండ్లాం పేరు గూడా పలికి ఉండను. కానీ ఒక బాధ మిగిలిపోయింది. డ్రైవరు రిటైరైతే ఆఖరి ట్రిప్పు అని ఒకటి ఉంటాది. బస్సుకు పూలు కట్టి, తోటి వాళ్లంతా ఎక్కి, డిపోలో దిగినాక దండేసి ఇంటికి పంపిస్తారు. మామకు సరిగ్గా ఆ నెలలోనే మోకాలు ఆపరేషన్ అయింది. మంచం మీద పండుకొని రిటైరైనాడు పాపం.

అందుకే పోయిన దసరాకు నేను ఆయన కంప్యూటర్లో బస్సు తోలే గేమ్ వేసి, స్టీరింగూ పెడళ్లూ కొనిచ్చినా. గేమ్‌లో వచ్చేవి యాడివో దేశాల రోడ్లు. మామకు అవి ఎందుకు? గేమ్‌లో లేని వస్తువులను ఎవరో సరదా ఉండేవాళ్లు తయారుచేసి నెట్‌లో పెడతారు, వాటిని మాడ్‌లు అంటారు. వెతికితే మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా కర్నూలు పోయే రోడ్డు దొరికింది. మన ఎర్రబస్సు దొరికింది, దాని హారన్ దొరికింది. ఆయుధపూజ గదా అని బస్సు ముందర కట్టే నిమ్మకాయ, మిరపకాయల మాడ్ గూడా పట్టుకొచ్చి తగిలించినా. మామకు కండ్లలో నీళ్లు తిరిగినాయి. అల్లుడంటే ఇట్లుండాల అని వీధంతా చెప్పుకున్నాడు.

ఆ గేమ్‌లో మొదట చిన్న వ్యాను ఇస్తారు. ఊరి లోపలే తిరగాల. ఒళ్లు దగ్గర పెట్టుకొని తోలితే పెద్ద బస్సు, ఆ తర్వాత పెద్ద రూటు. మామ పొద్దున్నే స్నానం చేసి, ఖాకీ చొక్కా వేసుకొని మరీ డ్యూటీ ఎక్కేవాడు. నెలల తరబడి తోలి కర్నూలు రూటు సంపాదించినాడు. ఆ గేమ్‌లో గూడా యాక్సిడెంట్లు సున్నా. స్క్రీన్ మూలలో ఆ సున్నాను చూసుకొని మురిసిపోయేవాడు. ఇంక తన ఆఖరి ట్రిప్పు ఈడనే తోలుకుంటానని డిపో స్నేహితులను నలుగురిని పిలిచినాడు. ఏండ్ల తరబడి ఆయన బస్సులో టికెట్లు కొట్టిన కండక్టర్ మస్తాన్ భాయ్ గూడా వస్తాండాడు. ముహూర్తం ఆదివారం సాయంత్రం నాలుగు గంటలు.

ఆ పొద్దు నేను కర్నూలు నుంచి దిగేసరికి మామ వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"బస్సు తెరుచుకోవడం లేదప్పా" అన్నాడు.

సేవ్ లోడ్ కావడం లేదు. అంటే ఇన్ని నెలలూ తోలిందంతా దాచిపెట్టుకున్న ఫైలు ఉంటాది చూడండి, దాన్ని నొక్కితే చక్రం కాసేపు తిరుగుతాది, తర్వాత 'అవసరమైనది ఒకటి కనబడలేదు' అని చెప్పి మూసుకుంటాది. ఏం కనబడలేదో చెప్పదు. కొత్త గేమ్ మొదలుపెడితే బ్రహ్మాండంగా నడుస్తాది, కానీ అందులో ఉండేది చిన్న వ్యానే. దాంట్లో ఆఖరి ట్రిప్పు ఏం తోలతాడు?

నేను కర్నూల్లో కాలేజీ పిల్లలకు కంప్యూటర్లు చెప్పేవాణ్ణి. ఎచ్చులకు తక్కువ లేదు. "అయిదు నిమిషాల పని మామా, మీరు పోయి కాఫీ తాగండి" అన్నా.

ఆయన కాఫీ తాగినాడు. టిఫిన్ చేసినాడు. పేపరు చదివినాడు. నేను ఇంకా అక్కడే ఉండా.

కంప్యూటర్ ఆపి మల్ల వేసినా. అప్‌డేట్లు చేసినా. మాడ్‌లు పెట్టే ఫోల్డర్ చూసినా. రోడ్డుంది, బస్సుంది, హారనుంది, నిమ్మకాయుంది. ఏదీ పోలేదు. మరి కనబడనిది ఏంది? గేమ్ మొత్తం తీసేసి మల్ల మొదటినుంచి దించినా. ఆ దించేది తాబేలు మాదిరి కదులుతాంటే మామ నా వెనక కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. ఏమీ అనడు, నిట్టూరుస్తాడు అంతే. తిట్టినా బాగుండేది. సేవ్ ఫైలు పాడైపోతాదేమోనని భయపడి దానికొక కాపీ పక్కన పెట్టుకున్నా. నెట్‌లో అడిగితే ఒకాయన "ఇదంతా ఎందుకు, కొత్తగా మొదలుపెట్టుకోండి" అని సలహా ఇచ్చినాడు. నాకు తిక్క లేసింది. ఎదురుగా ఉంటే ఆయప్పను ఆ వ్యాను కిందే వేసుండేవాణ్ణి.

మూడు దాటింది. మామ లోపలికి పోయి ఫోన్ తీసినాడు. "మస్తాన్‌కు రావద్దని చెప్పేదా అల్లుడా? ఇంకోసారి ఎప్పుడన్నా చూసుకుందాంలే" అన్నాడు. ఆ 'లే' అనడంలోనే ఉంది ఆయన బాధంతా. మొదటిసారి మోకాలు అడ్డమొచ్చింది, ఈసారి నేను. అరగంట ఆగండి మామా అని చెప్పి, గాలి కోసం బయటికొచ్చినా.

గేటు దగ్గర మా అత్త స్కూటర్‌కు కొత్త నిమ్మకాయ, మిరపకాయలు కడతాండాది. నేను అడుగు ముందుకేస్తే, "చూసుకోని నడువప్పా, కింద పాతది ఉండాది, తొక్కేవు. నిన్న అమావాస్య గదా, ఈ పొద్దన్నా మార్చాల" అనింది.

నేను ఆడనే నిలబడిపోయినా. లోపలికి పరిగెత్తినా.

"మామా, బస్సుకు గూడా నిమ్మకాయ మార్చినారా?"

"మార్చకుండా ఎట్లప్పా? దసరా నుంచి అదే యాలాడతాండాది. ఆఖరి ట్రిప్పుకు ఎండిపోయిన నిమ్మకాయతో పోతామా? నిన్న డ్యూటీ దిగినాక నెట్‌లో కొత్తది తెచ్చి ఆ ఫోల్డర్లో పెట్టినా. నువ్వు నేర్పించినట్లే చేసినాలే."

"పాతది?"

"తీసేసినా."

"రీసైకిల్ బిన్‌లో ఉంటాది గదా?"

మామ నన్ను చిన్నపిల్లోణ్ణి చూసినట్లు చూసినాడు. "దిష్టి లాగిన నిమ్మకాయను ఇంట్లో పెట్టుకుంటారాప్పా? ఆ బుట్ట గూడా ఖాళీ చేసి పారేసినా."

అదీ కత. సేవ్ ఏమో పాత నిమ్మకాయనే గుర్తుపెట్టుకొని ఉండాది. బస్సుకు అది కనబడక మొండికేసింది. నేనేమో ఫోల్డర్లో నిమ్మకాయ ఉంది గదా అని చూసి వదిలేసినా. అది కొత్తదని నాకు కల వచ్చిందా ఏంది?

పాతది నా పెన్‌డ్రైవ్‌లో ఉండాది. బతికినాంరా దేవుడా అని దాన్ని గుచ్చినానో లేదో మామ నా చేయి పట్టుకున్నాడు.

"తీసేసిన నిమ్మకాయ మల్ల కడతావా?"

"మామా, అది నిమ్మకాయ కాదు, ఫైలు."

"బస్సు గూడా ఫైలే గదప్పా. మరి దానికోసం పొద్దున్నుంచి నువ్వెందుకు తిండి మానుకున్నావు?"

ఆయన మొండి, ఆ సేవ్ ఆయన కంటే మొండి. ఇద్దరి మధ్యలో నేను. ఆయనకు పాత నిమ్మకాయ పనికిరాదు, దానికి కొత్తది పనికిరాదు. గడియారం చూస్తే మూడున్నర.

అప్పుడు బుర్ర వెలిగింది. సేవ్ వెతికేది పేరును గదా, కాయను కాదు గదా. పెన్‌డ్రైవ్‌లో పాత ఫైలు పేరు చూసి, ఆ పేరే కొత్త ఫైలుకు పెట్టినా. సేవ్ నొక్కినా. చక్రం తిరిగింది. తిరిగింది. నేను ఊపిరి బిగబట్టుకొని చూస్తాండా. టక్కున కడప బస్టాండు, ఎర్రబస్సు, దానికి పచ్చగా నిగనిగలాడే కొత్త నిమ్మకాయ.

మామ నన్ను కావలించుకున్నాడు. ఎప్పుడూ భుజం గూడా తట్టని మనిషి. నేను ఆ గదిలో రెండు అడుగులు పొడుగైనానంటే నమ్మండి.

నాలుగుకు అందరూ వచ్చినారు. అత్త ఉగ్గాని, బజ్జీ పెట్టింది. స్టీరింగుకు మల్లెపూలు చుట్టింది. మస్తాన్ భాయ్ మామ వెనక నిలబడి "రైట్ రైట్, పోనీ భాయ్" అనేసరికి మామ హారన్ కొట్టి బస్సు కదిలించినాడు. మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల. ఊరు వచ్చినప్పుడల్లా భాయ్ పేరు పిలుస్తాండాడు, కడమవాళ్లు పాత ముచ్చట్లు చెప్పుకొని నగుతాండారు. ఒక గీత పడకుండా బస్సు కర్నూలు డిపో గేటు కాడికి వచ్చి నిలబడింది. మామకు దండేసినారు. ఆయన కండ్లు తుడుచుకొని నా వైపు తిరిగినాడు.

"ఈ బస్సుకు ప్రాణం పోసింది నువ్వు. లోపలికి తీసుకుపోయి పెట్టేది నువ్వే. రాప్పా, కూర్చో."

వద్దనాల్సింది. నాకు స్కూటర్ తప్ప ఏదీ రాదు. కానీ రెండు అడుగులు పొడుగైన మనిషికి వద్దనేది యాడ తోస్తాది? కూర్చున్నా. బ్రేక్ అనుకొని ఇంకోటి తొక్కినా. బస్సు నేరుగా పోయి గేటు స్తంభాన్ని దబ్బుమని గుద్దింది. యాక్సిడెంట్లు: ఒకటి. దాని కింద చిన్న చక్రం తిరుగుతా, 'సేవ్ అయింది' అని వచ్చింది.

బజ్జీ నోట్లో పెట్టుకున్నాయన నమలడం మానేసినాడు.

"మామా, మధ్యాహ్నం కాపీ ఒకటి పెట్టుకున్నా. దాన్ని వేస్తే మల్ల సున్నా వస్తాది" అని గొణిగినా.

"ఆ కాపీలో ఈ ట్రిప్పు ఉంటాదా?"

"ఉండదు మామా."

"అయితే వద్దు. నా ట్రిప్పు నాకు ఉండనీ, నీ గుద్దు నీకు ఉండనీ" అని పగలబడి నగినాడు. దాంతో అందరూ నగినారు. భాయ్ అయితే కండ్లలో నీళ్లు వచ్చేదాకా నగినాడు.

ఇప్పుడు ఆ సేవ్ నొక్కగానే లోడ్ అయితాది, ఒక్కసారన్నా మొరాయించదు. వచ్చినోళ్లందరికీ మామ దాన్ని తెరిచి చూపిస్తాడు. "కడప నుంచి గేటు దాకా నేను. ఆ స్తంభం మాత్రం మా అల్లునిది" అంటాడు. తిండి మానుకొని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ సేవ్‌ను బాగుచేసింది నేనే. అదేదో చెడిపోయినట్లే ఉండనిచ్చి ఉంటే నా పరువన్నా మిగిలేది.