చించేసిన చీటి

బెల్లంపల్లి దగ్గర ఒక బొగ్గుబావి మీద హాజరు గుమస్తా అజీముద్దీన్. పద్దెనిమిదేళ్ల నౌకరీలో ఒక్క మాట పడని మనిషి. ఆ సంగతి ఆయనే పదిమందికీ చెప్పుకునేవాడు, అది వేరే విషయం.

ఆయన పద్ధతి ఆయనది. బావిలోకి దిగే ప్రతి మనిషికీ పేరు, నంబరు, టైము వేసి 'దిగిండు' అని ఒక చీటి రాసేవాడు. పైకొస్తే 'ఎక్కిండు' అని ఇంకొకటి. ఒక్కొక్కరు పూటకు రెండు మూడుసార్లు ఎక్కీ దిగీ చేస్తారు గదా, చీటీలు కుప్ప పడేవి. అందుకని మనిషికి అన్నిటికంటే చివర రాసిన చీటి ఒక్కటే ఉంచి, పాతవి చించి బుట్టలో పారేసేవాడు. మిగిలినవాటిలో 'దిగిండు' అని ఉన్నవాళ్లంతా లోపల ఉన్నట్టు. వేరు చేసేటప్పుడు నంబరు చూడటమంటే మాత్రం ఆయనకు నామోషీ. వందమంది పేర్లు నోటికి వచ్చినవాడికి నంబరు దేనికి?

1978 వానాకాలం. మధ్యాహ్నం పన్నెండింటికి బావిలోకి నీళ్లు దూరాయి. మేనేజర్ పరుగున వచ్చి చీటీలు అందుకున్నాడు. లోపల ఇరవై ముగ్గురు. గంట తిరిగేసరికి ఇరవై ముగ్గురూ తడిసి ముద్దై పైకొచ్చారు. అజీముద్దీన్ అల్లాకు దండం పెట్టుకున్నాడు. ఇక లోపల ఎవరూ లేరు గనుక, ఈ బావి నిండిపోయినా సరే, నీళ్లు పక్క బావికి పోకుండా అడుగున ఇనుప తలుపు మూసేయమన్నాడు మేనేజర్.

అప్పుడు వచ్చింది బాలలక్ష్మి, లచ్చయ్య భార్య. పెనిమిటి ఇంకా ఎక్కలేదంది. అజీముద్దీన్ చీటి తీసి చూపించాడు. లచ్చయ్య జ్వరమని పదింటికే ఎక్కాడని, ఇంటికి పోయి చూసుకొమ్మని చెప్పాడు.

"గాయన ముసలి లచ్చయ్య, సాయెబూ. మా ఆయన మొన్ననే గీ బాయికి వచ్చిండు."

అజీముద్దీన్ పై ప్రాణాలు పైనే పోయాయి. ఇద్దరు లచ్చయ్యల్ని ఒక్కడే అనుకున్నాడు. ముసలాయన ఎక్కిన చీటి ఉంచి, లోపలున్నవాడి చీటి చించేశాడు!

నిజం చెప్పాలంటే, ఒక్క క్షణం ఆ బుట్టను కాలితో బల్ల కిందికి తోసేద్దామనుకున్నాడు పెద్దమనిషి. నౌకరీ పోతుంది, పరువు పోతుంది. బాలలక్ష్మి ఆయన మొహంలోకే చూస్తోంది. బుట్ట బోర్లించాడు. ఒక్కొక్క ముక్కే తిరగేసి చూశాడు. చివరికి రెండు ముక్కలు దొరికాయి. లచ్చయ్య, 417, దిగిండు.

పడుతూ లేస్తూ పరుగెత్తి మేనేజర్‌కు అడ్డంగా నిలబడ్డాడు. "తలుపు మూయకుండ్రి సార్. ఇంకొక మనిషి లోపలున్నడు. తప్పు నాది."

మేనేజర్ నలుగురిలో నానా తిట్లూ తిట్టాడు. అవేవీ అజీముద్దీన్ చెవికెక్కలేదు. నలుగురు మనుషులు దిగారు. రెండు గంటలు ఆయన బావి మూతి దగ్గరే నిలబడ్డాడు, బాలలక్ష్మి వైపు తలెత్తి చూడలేక.

లచ్చయ్యను మోసుకొచ్చారు. గొంతుదాకా నీళ్లలో కట్టె దుంగ పట్టుకుని ఉన్నాడట. భయపడ్డావా అని ఎవరో అడిగారు.

"జర సేపే," అన్నాడు లచ్చయ్య. "పైన సాయెబు కాడ నా చీటి ఉన్నది గదా, తప్పక వస్తరనుకున్న."

అజీముద్దీన్ జేబులోని రెండు ముక్కల్నీ గట్టిగా పట్టుకున్నాడు.