వండేదెవరో చెబితేనే బేరం

సంతలో ఎవరైనా 'ఎంత కావాల?' అని అడుగుతారు. ఇమాంబక్క మాత్రం 'ఎవురు వండేది?' అని అడిగేది. ఆ ప్రశ్నకు నమ్మదగిన జవాబు వస్తే తప్ప ఆమె బుట్టలోంచి ఒక్క మిరపకాయ కదిలేది కాదు. మీరు పేదవారైనా, పెద్ద అధికారైనా, ఆమెకు అల్లుడి వరసైనా సరే, విచారణ తప్పదు.

నేను సత్తు గిన్నెలు అమ్ముకునేవాణ్ణి. పేరు ఆదెప్ప. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, సంత ఎక్కడుంటే నా గోనెపట్టా అక్కడ. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది నుంచి చాలా కాలం ఆమె బుట్ట నా గిన్నెల పక్కనే ఉండేది. ఇద్దరం ఒకే బస్సులో దిగేవాళ్లం. నాకు గిరాకీ బాగా ఉండేదంటే ఆమె చలవే. ఆమె ముందు జవాబు దొరక్క నిలబడిపోయిన మగాళ్లు, నలుగురూ చూస్తున్నారన్న సిగ్గుతో ఇటు తిరిగి, అక్కర్లేని గిన్నె ఒకటి బేరం చేసేవాళ్లు.

ఇమాంబక్కది చౌడేపల్లె పక్కన చిన్న పల్లె. భర్త పోయాడు. ఒక్కగానొక్క కూతురు కమరున్నీసాను కుప్పంలో ఇచ్చింది. ఆమె తమ్ముడు బెంగళూరులో ఎవరిదో బంగళాలో తోటమాలి. అతను ఒకసారి వస్తూ రుమాలు కొసన కట్టుకొచ్చిన విత్తనాలు ఆమె పెరట్లో పడ్డాయి. పిడికెడంత లావున, నిగనిగలాడుతూ కాయలు కాశాయి. వాటినే మావైపు బెంగళూరు మిరపకాయలు అంటారు. కారం ఉండదు. అదే వాటితో వచ్చిన చిక్కు.

మా సీమలో మిరపకాయ తింటే ముక్కు కారాలి, కళ్లు నీళ్లు తిరగాలి, పక్కనున్నవాడికి కూడా పొలమారాలి. అలాంటి చోట ఈమె కారం లేని మిరపకాయ పట్టుకుని కూర్చుంది.

"ఇంత లావుండాది, కారం ల్యాదంటావు. దీన్ని మిరపకాయని యాల అంటాండావు?" అని మదనపల్లెలో ఒక మీసాలాయన ఎగతాళి చేశాడు.

"నువ్వూ ఇంత లావుండావు. నిన్ను మొగోడని యాల అంటాండారు?" అంది ఇమాంబక్క.

ఆయన నా దగ్గర రెండు గిన్నెలు కొన్నాడు.

ఇంతా చేసి ఆమెకు అమ్ముకోవాలని ఉండేదా అంటే, ఉండేది. కానీ ఆడపిల్లను ఇచ్చినంత జాగ్రత్తగా ఇవ్వాలి. పుంగనూరు సంతలో ఒకాయన సంచి చాపి నిలబడ్డాడు.

"అరకిలో ఇయ్యమ్మా."

"ఎవురు వండేది?"

"మా ఇంట్లో."

"ఇల్లు వండదప్పా. ఎవురు?"

"మా ఆడామె."

"ఎట్ల వండతాది?"

"నాకేం ఎరుక? పెడితే తింటా."

"నిన్న ఏం కూర పెట్టింది?"

ఆయన ఆకాశం వైపు చూశాడు. నా వైపు చూశాడు. "ఏందో... పచ్చగా ఉండింది" అన్నాడు.

"నీ సొక్కా గూడా పచ్చగా ఉండాది. దాన్నే తిన్నావేమో! పో, ఇంటికి పోయి అడిగి రా."

ఆయన నిజంగానే ఇంటికి వెళ్లి, అడిగి, ఎండలో చెమటలు కక్కుతూ తిరిగొచ్చాడు. ఇలాంటివాళ్లు ప్రతి సంతకూ ఉండేవాళ్లు. పెళ్లయి పాతికేళ్లయినా తమ ఇంట్లో పోపులో ఏం వేస్తారో తెలియని మగాళ్లు ఇంతమంది ఉన్నారని నాకు ఆమె పక్కన కూర్చున్నాకే తెలిసింది. ఆ జాబితాలో నేనూ ఉన్నాననుకోండి.

మదనపల్లెలో ఒక ఆఫీసరమ్మ తన జవానును పంపింది. వంటమనిషి వండుతుందని అతను చెప్పగానే "అయితే వంటమనిషినే పంపు" అని ఇమాంబక్క వాపసు పంపింది. సాయంత్రానికి వంటమనిషి వచ్చింది. ఇద్దరూ మసాలాల గురించి మాట్లాడుకుంటూ ఉంటే బుట్టలో కాయలు వాడిపోయాయి. ఒక హోటలాయన బుట్ట మొత్తం బజ్జీలకు ఇమ్మన్నాడు. "ఎవురు తినేది?" అంది. "వచ్చినోళ్లందరూ" అన్నాడాయన. "వచ్చినోళ్లంటే ఎవురు? పేర్లు సెప్పు" అంది. ఆయన నెత్తి కొట్టుకుంటూ వెళ్లిపోయాడు.

"ఏందక్కా ఇది? అమ్మేదానికి వచ్చినావా, పెండ్లిసూపులకు వచ్చినావా?" అని నేను విసుక్కుంటే, "పాడు సేసేవోని సేతిలో పెట్టేదానికా ఆదెప్పా, నేను బావిలో నీళ్లు తోడి పోసింది?" అనేది. నేను మళ్లీ నా గిన్నెలు తుడుచుకునేవాణ్ణి.

కుప్పం సంతలో మాకు ఎదురుగా తమలపాకులు అమ్మే నాగరత్నమ్మ కూర్చునేది. ఆమెది ఆ ఊరే. మంచి మనిషే గానీ, కడుపులో మాట ఆకులకు నీళ్లు చల్లినంత సేపు కూడా నిలవదు. ఆ కుప్పంలోనే మునెప్ప మా దగ్గరికి రావడం మొదలుపెట్టాడు. రైల్వేలో పట్టాల మీద పనిచేసి రిటైరైన మనిషి. పొడుగ్గా, వంగిపోయి, రెండు గుండీలు ఊడిన చొక్కాతో ఉండేవాడు.

"ఎవురప్పా వండేది?" అని ఎప్పటిలాగే అడిగింది ఇమాంబక్క.

"మా సుభద్ర."

"ఎట్ల వండతాది?"

ఇక మునెప్ప ఆగలేదు. సుభద్రమ్మ వంకాయలు కూరేటప్పుడు కొంగు ఎలా దోపుకుంటుందో చెప్పాడు. పొడి చవి చూసి తనలో తానే ఎలా తల ఊపుకుంటుందో చెప్పాడు. ఆయన డ్యూటీ నుంచి వస్తుంటే ఆ వాసన వీధి మొగదలకే వచ్చి పిలిచేదని చెప్పాడు. ఈ మిరపకాయలు కూడా అట్లాగే గుత్తిగా చేస్తుందట.

"పొడిలో ఏమేస్తాది?" అంది ఇమాంబక్క.

మునెప్ప తడబడ్డాడు. "ఏందో... ఎర్రగా ఉంటాది."

ఇంటికెళ్లి అడిగి రమ్మంటుందని నేను నవ్వు ఆపుకుంటున్నాను. కానీ ఇమాంబక్క ఆయన ముఖంలోకి కాసేపు చూసి, నాలుగు కాయలు ఏరి సంచిలో వేసింది.

"చెనిక్కాయలు ఏయించి, రవ్వంత ఎండుకొబ్బర, ఎండు మిరపకాయలు ఏసి దంచమని సెప్పు మీ ఆడామెకు" అంది.

నాకు ఒళ్లు మండింది. "అందర్నీ తిప్పి పంపుతావు. ఈయప్పకు మటుకు యాల ఇస్తివి?" అన్నాను.

"నా కాయలు, నా ఇష్టం" అంది.

మరుసటి వారం మునెప్ప మళ్లీ వచ్చాడు.

"ఎట్లుండాయంది మీ ఆడామె?"

"చెనిక్కాయలు మాడిపోయినాయంది."

"మంట తగ్గించి ఏయించమను. పొయ్యి కాడ నిలబడి ఏయించమను, వాకిట్లో కూసోని కాదు."

ఆపై వారం పొడి అంతా నూనెలోకి రాలిపోయిందన్నాడు. "ఆయమ్మకేం సేతులు వంకరా? పొడిలో రవ్వంత నూనె, చింతపులుసు కలిపి ముద్ద సేసి కూరమను" అంది. ఇంకో వారం కాయలు ఉడకలేదన్నాడు. "మూత పెట్టమను. మూతనేదొకటి ఉంటాదని తెలుసునా ఆయమ్మకు?" అని కసిరింది.

మునెప్పకు కోపం వచ్చింది. "మా సుభద్రనేమైనా అంటే బాగుండదు."

"అంటా. వంట రానోళ్లను అనకుండా ముద్దు పెట్టుకుంటారా?"

ఇలా పోట్లాడుకుంటూనే ఉండేవాళ్లు. అయినా ఆయన ప్రతి వారం వచ్చేవాడు. పోతూ పోతూ అప్పుడప్పుడు నా దగ్గర ఒక గిన్నె కూడా కొనేవాడు. ఈ వయసులో ఇన్ని గిన్నెలు ఎందుకా అనుకునేవాణ్ణి గానీ, వ్యాపారి అడగాల్సిన ప్రశ్న కాదది.

ఒక వారం ఉప్పు విషయంలో పేచీ వచ్చింది. కూర ఉప్పు కషాయమయిందన్నాడు మునెప్ప. ఇమాంబక్క గొంతు పెంచింది. "ఇన్నేండ్లు కాపురం సేసినామెకు ఉప్పెంతెయ్యాల్నో తెలీదా?"

ఎదురుగా ఆకులు సర్దుతున్న నాగరత్నమ్మ నోరు ఇక ఆగలేదు.

"అయ్యో, ఏం మాటలక్కా అవి! సుభద్రమ్మ పోయి ఏడాది దాటినాది గదా! ఈయప్ప నీ మాటలు పోయి ఎవురికి సెప్తాడు?"

మునెప్ప ఎవరి వైపూ చూడలేదు. సంచిలోంచి కాయలు ఒక్కొక్కటిగా తీసి మళ్లీ బుట్టలో పెట్టాడు. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని జనంలో కలిసిపోయాడు.

తర్వాతి సంతకు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఇమాంబక్క దారి వైపు చూస్తూ కూర్చునేది. ఆ రెండో వారం ఎవరో వచ్చి పావుకిలో అడిగితే, ఒక్క మాటా మాట్లాడకుండా తూచి ఇచ్చేసింది. పుచ్చుకున్నాయనే భయపడిపోయాడు. "ఏమ్మా, ఈ పొద్దు ఏమీ అడగవా? ఒళ్లు బాగుండాదా?" అన్నాడు.

ఆ మాటతో ఇమాంబక్క నాలుగు కాయలు కొంగున కట్టుకుని చటుక్కున లేచింది. "నాగరత్నా, ఇట్ల రా. నోరు జారినావు గదా, ఇప్పుడు నా బుట్ట కాడ కూసో. అడక్కుండా అమ్మితే సంపుతా" అంది. నా వైపు తిరిగి, "ఆదెప్పా, లెయ్. మొగోని ఇంటికి నేనొక్కదాన్నే పోతే ఊరు ఏమనుకుంటాది?" అంది.

"నా గిన్నెలో?"

"నీ గిన్నెలు ఎవురెత్తుకపోతారప్పా? కొనేవోళ్లే లేరు."

మునెప్ప ఇల్లు స్టేషను వెనకాల. తలుపు తీసే ఉంది. ఆయన గడ్డం పెరిగి, నులక మంచం మీద కూర్చుని టీలో బన్ను ముంచుకుంటున్నాడు. మనిషి సగమయ్యాడు. మమ్మల్ని చూడగానే ముఖం తిప్పుకున్నాడు.

"యాల వస్తిరి? నన్ను సూసి నవ్వేదానికా?"

"నవ్వేదానికి కుప్పం దాకా రావల్నా? మా ఊర్లో ఉండారు లే కావల్సినంతమంది" అంటూ ఇమాంబక్క నేరుగా వంటింటి గడప దగ్గరికి వెళ్లింది. వెనకే నేను తొంగి చూశాను. నేను అమ్మిన గిన్నెలు గోడ పొడుగునా వరసగా ఉన్నాయి. ఒక్కోదాని అడుగు ఒక్కోలా మాడి ఉంది. సత్తు గిన్నెకు ఇన్ని రకాల చావులుంటాయని నాకు అప్పటిదాకా తెలియదు.

మునెప్ప తల దించుకున్నాడు. "నీకు ముందే తెలుసునా అక్కా?"

"మొదటి వారమే."

"ఎట్ల?"

"పెండ్లాం బతికుండే మొగోడు ఎవుడైనా ఆమె వంట గురించి అంత సేపు మాట్లాడతాడా అప్పా? ఈ మూడు సంతల్లో ఒక్కణ్ణి సూపించు. నిన్న తిన్న కూర పేరు సెప్పలేరు! నువ్వేమో ఆయమ్మ కొంగు దోపుకునేది గూడా సెప్తివి. అప్పుడే అనుకుంటి."

నిన్న మా ఇంట్లో ఏం కూరో గుర్తుకు రాక, నేను గిన్నెల వైపు తిరిగాను.

"తెలిసి తెలిసి ఆమెను యాల తిడితివి మరి?" అన్నాడు మునెప్ప. ఆ గొంతులో ఇంకా కోపం ఉంది.

"ఆమెను యాడ తిడితిని? చెనిక్కాయలు మాడ్చిందెవురు?"

"...నేనే."

"మూత పెట్టనిదెవురు?"

"నేనే."

"ఉప్పు పిడికెడు ఏసిందెవురు?"

"నేనే లే అక్కా."

"మరి నిన్నే గదా తిట్టింది! సుభద్రమ్మను నేనెప్పుడంటిని?"

మునెప్ప ఆమె వైపు చూశాడు. గడ్డం కదిలింది. ఏడుస్తాడేమో అనుకున్నాను. ఆయన నవ్వాడు. నవ్వు మరిచిపోయిన మనిషి నవ్వు, దగ్గులాగే వచ్చింది.

"వంట నేర్చుకోమని నేరుగా నాకే సెప్పచ్చు గదా!"

"నేరుగా సెప్తే మల్లా వారం వస్తాంటివా? ఆయమ్మ పేరు సెప్పుకునేదానికి గదా నువ్వొస్తాంటివి. నాకు తెలీదా? మా ఆయన పోయినంక, ఆయప్పకు ఏం కూరంటే ఇష్టమో అడిగే దిక్కే ల్యాకపాయ నాకు" అని, వెంటనే కొంగు విదిలించి, "ఊఁ, బన్ను అవతల పారెయ్. పొయ్యి ముట్టించు. ఆదెప్పా, గిన్నెలు తోము" అంది.

"నేనా?"

"నువ్వు అమ్మినవే గదా!"

ఆ మధ్యాహ్నం నేను బూడిదతో గిన్నెలు తోముతుంటే, ఇమాంబక్క గడప మీద కూర్చుని అరుస్తుంటే, మునెప్ప వంట చేశాడు. ఆమె ఒక్క గరిటె కూడా ముట్టలేదు. కాయలు ఒకవైపు కొంచెం నల్లబడ్డాయి గానీ, ముగ్గురం తిన్నాం. మునెప్ప రెండోసారి పెట్టుకున్నాడు.

సంతకు తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. ఇమాంబక్క బుట్ట నిండుగా అలాగే ఉంది. ఒక్క కాయ అమ్ముడుపోలేదు. నాగరత్నమ్మ కొంగుతో విసురుకుంటూ, "అడుగుతూనే ఉండా అక్కా! ఒక్కడూ సరిగ్గా సెప్పలేదు. అందర్నీ తరిమేస్తి" అంది గర్వంగా. ఇమాంబక్క బుట్ట చూసింది, నాగరత్నమ్మను చూసింది. తన మందు తనకే తగిలినట్టు, "యా అల్లా!" అని నేల మీద చతికిలబడింది.

తర్వాతి సంతకు మునెప్ప గడ్డం గీసుకుని, చేతిలో స్టీలు డబ్బాతో వచ్చాడు. వరస మొత్తం చేతిలో పనులు వదిలేసి చూస్తోంది. ఆయన ముందుగా నాగరత్నమ్మ దగ్గరికే వెళ్లి డబ్బా మూత తీశాడు. నాగరత్నమ్మ సిగ్గుపడుతూ ఒక కాయ తీసుకుని, కొరికి, మాట్లాడకుండా తినేసింది. ఆమె మాట్లాడకపోవడమే పెద్ద మెప్పు.

ఆపైన డబ్బా ఇమాంబక్క ముందుకు వచ్చింది. ఆమె ఒక కాయ తుంచి నోట్లో వేసుకుంది. నమిలింది. కళ్లు మూసుకుని ఇంకా నమిలింది. మునెప్ప ఇంటర్వ్యూకు వచ్చినవాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

చివరికి ఇమాంబక్క మింగి, వేళ్లు తుడుచుకుని, "పోయి సుభద్రమ్మకు సెప్పు. ఈయప్పకు వంట వచ్చేసినాదని" అంది.

"సెప్తా అక్కా" అన్నాడు మునెప్ప, ఖాళీ సంచి ముందుకు చాపుతూ.

నాగరత్నమ్మ అప్పటికే డబ్బాలో మిగిలిన ఆఖరి కాయ మీద చెయ్యి వేసింది.