ఆఖరి సైకిలు మీద మా పైడిరాజు గారు

గోల్ బజార్‌లో ఆదివారం కొండయాత్ర కోసం బెల్లమూ వేరుశనగపప్పూ తూయిస్తూ, తూకం దగ్గర కొట్టువాడితో తగువు పడుతున్నాను. మా రైల్వే కాలనీ కాల్‌మన్, అంటే గార్డులకూ డ్రైవర్లకూ డ్యూటీ కబురు ఇంటికి తెచ్చే మనిషి, సైకిలు దిగి నా పక్కన నిలబడ్డాడు. పైడిరాజు బాబు తెల్లవారుజామున నిద్రలోనే పోయారనీ, నన్ను వెతుక్కుంటూ వచ్చాననీ హిందీలో నెమ్మదిగా చెప్పాడు. ఇలాంటి సందర్భాన్ని వర్ణించడానికి మన భాషలో గంభీరమైన సమాసాలు ఎన్నో ఉన్నాయి. నాకు మాత్రం ముందు కోపం వచ్చింది. ముందురోజు సాయంత్రమే ఆయన మా గుమ్మంలో నిలబడి, కొత్త బ్రేకు రబ్బర్లు ఇంకా తేలేదని నన్ను తీరిగ్గా చీవాట్లు పెట్టి వెళ్లారు. అంత ఓపికగా చీవాట్లు పెట్టిన మనిషి తెల్లారేసరికి ఎలా పోతాడు? కాల్‌మన్‌ని కసిరాను. అతడు నా సంచీ అందుకుని తన సైకిలుకు తగిలించుకున్నాడు. అప్పుడు నమ్మాను.

శ్రీ పైడిరాజు గారు గూడ్సు గార్డుగా పనిచేస్తూ, పదవీ విరమణ సుఖం చవిచూడకుండానే దివంగతులయ్యారు. వారి తండ్రిగారు విజయనగరం వైపు నుంచి వచ్చి బిలాస్‌పూర్ లోకో షెడ్డులో చేరారు. పైడిరాజు గారు ఈ కాలనీలోనే పుట్టి, ఈ కాలనీలోనే కన్నుమూశారు. బక్కపలచని దేహం, దానికి ఏమాత్రం పొంతన లేని గంభీరమైన కంఠం, ఎక్కడినుంచి వచ్చేదో తెలియని ఉత్సాహం. మన ‘కొండదారి సైకిల్ సంఘం’ వారి మానసపుత్రిక. దానికి నేను పేరుకు కార్యదర్శిని. కొండల్ని దూరం నుంచి చూసి ఆనందించే స్వభావం నాది. ఆఫీసులో గుమాస్తాపని చేసుకుని ఆదివారం హాయిగా నిద్రపోయే నన్ను ఈ రొంపిలోకి ఈడ్చిన మహానుభావుడు ఆయనే.

సంఘం పుట్టుక విచిత్రమైనది. కట్నీ లైనులో గూడ్సు బండి వెనక బ్రేకు వ్యానులో కూర్చుని వస్తూ పోతూ, కర్గీ రోడ్ స్టేషను దాటాక ఒక కాలిదారిని ఆయన ఏళ్ల తరబడి చూశారు. ఇప్పచెట్ల మధ్యనుంచి కొండమీదికి పోయి కనుమరుగయ్యే దారి అది. అక్కడ బండి ఆగదు. ఆ దారి ఎక్కడికి పోతుందో తోటి గార్డులెవరూ చెప్పలేకపోయారు. ఒక విశ్రాంతి దినాన తన పాత సైకిలును ప్యాసింజరు బండి లగేజీ పెట్టెలో వేయించుకుని, కర్గీ రోడ్‌లో దిగి, ఆ దారి పట్టుకుని పోయారు. సాయంత్రానికి మోచేతులు దోక్కుపోయి, ముఖం వెలిగిపోతూ తిరిగివచ్చారు. అంతగా అక్కడ ఏముందని అడిగాను.

“ఏటీ నేదండి. ఓ పల్లి, ఓ వాగు. అయినా ఇన్నాళ్లూ సూడకుండా ఎలగున్నానా అనిపించింది” అన్నారు.

మరుసటి యాత్రకు ఆయన వెంట ఇద్దరో ముగ్గురో. ఆ చలికాలం ముగిసేసరికి కాలనీలో సైకిలున్న కుర్రకారులో ఇంట్లో మిగిలినవాళ్లు తక్కువ.

లావు టైర్లు, తిన్నని హేండిలు ఉన్న కొత్తరకం సైకిళ్లు ఈమధ్యే బజారులోకి వచ్చాయి. మొదట్లో మావన్నీ పాలవాళ్లు తొక్కే నల్ల సైకిళ్లే. బురద ఇరుక్కుంటోందని ఆయన మడ్‌గార్డులు విప్పించారు. చైను కవర్లు విప్పించారు. గంట మాత్రం విప్పనిచ్చేవారు కాదు, అడవిలో ఎలుగుబంటికి ముందుగా మర్యాద చేయాలట. కొండ దిగే ముందు అందరినీ ఆపి, ఒక్కొక్కరి బ్రేకు పట్టించి, సైకిలును వెనకనుంచి తానే తోసి చూసేవారు. చక్రం ఇసుమంత కదిలినా ఆ సైకిలు నడిపించుకుంటూ దిగవలసిందే. ఈ శాసనానికి డ్రైవరు కొడుకైనా ఆఫీసరు కొడుకైనా ఒకటే. ఎవరైనా మొహం ముడుచుకుంటే బుజ్జగించేవారు కాదు, పక్కన తన సైకిలూ నడిపించుకుంటూ కబుర్లు చెబుతూ దిగేవారు. అలా దిగినవాళ్లే ఆయనకు సన్నిహిత శిష్యులయ్యారు.

ఏటా శీతకాలంలో కొండకింది పల్లెలో జరిగే మన సైకిల్ పండుగ సంగతి వేరే చెప్పాలా? కాలనీ వాళ్లూ పల్లె వాళ్లూ కలిసి ఆడే పోటీలు ఉండాలని ఆయన పట్టుదల. పల్లెలో అందరికీ సైకిళ్లు లేవు కనుక ఆయన ఒక పోటీ కల్పించారు. కాలనీ సైకిలు మీద పల్లె మనిషి తొక్కాలి, కాలనీ మనిషి వెనక కేరియరు మీద బరువుగా కూర్చోవాలి, అలా మెరక ఎక్కాలి. నా దేహపుష్టి దృష్ట్యా నాకు ఆ పోటీలో విశేషమైన గిరాకీ ఉండేది. నన్ను ఎక్కించుకుని మెరక ఎక్కినవాడికి ఆ ఏడు పల్లెలో తిరుగులేదు. “సెక్రెటరీ గారూ, మీరు సన్నబడితే సంఘం ఊరుకోదండి” అని ఆయన అందరిముందూ అనేవారు. నాకు ఉక్రోషం వచ్చేది. ఇప్పుడు ఆ మాట అనే నాథుడు లేడు కదా అని దిగులు వస్తోంది.

ఇక ఆయన స్వహస్తాలతో నెలకొల్పిన ఆచారం ఒకటి రాయాలి. రైలుబండి చివరి పెట్టెకు ‘ఎల్వీ’ అని రాసిన చిన్న బోర్డు తగిలిస్తారు, ఇదే ఆఖరి పెట్టె అని దాని అర్థం. స్టేషను దాటి పోతున్న బండికి ఆ బోర్డు కనబడితే, పెట్టెలేవీ దారిలో తెగిపోలేదనీ బండి పూర్తిగా వచ్చిందనీ స్టేషనువాళ్లు నిశ్చింతగా ఉంటారు. అది గార్డుల లోకం. పైడిరాజు గారు రేకు ముక్క మీద అలాంటి బోర్డే రాసి తన కేరియరుకు కట్టుకున్నారు. ఎంత వేగంగా తొక్కగలిగినా సరే, ఎప్పుడూ అందరికంటే వెనక ఆయనే. కొండకింద టీ హోటలు దగ్గర భోజనాలతో కాచుకుని ఉండే మేము ఆ బోర్డు రాగానే విస్తళ్లు వేసేవాళ్లం. మేమంతా రైల్వే పుట్టుక పుట్టినవాళ్లం. బోర్డు వచ్చిందంటే బండి వచ్చినట్టే.

ఒక ఆదివారం బోర్డు వచ్చింది. విస్తళ్లు వేశాం. పులిహోర వడ్డిస్తున్నాను. హోటలు నడిపే ముసలామె, మేమంతా ఛత్తీస్‌గఢీలో దాయి అని పిలిచే తల్లి, పొయ్యి దగ్గరనుంచి లేచివచ్చి, వచ్చినప్పుడల్లా తనను ముందుగా మంచినీళ్లడిగే నవ్వుల పిల్ల ఏదని అడిగింది. అంతమందిలో రైల్వేకు చెందని మనిషి ఆవిడ ఒక్కతే. మేము తలలు చూసుకున్నాం. పార్వతి లేదు.

పార్వతి డ్రైవరు సత్యం గారి అమ్మాయి, అప్పట్లో కాలేజీలో చదివేది. కొండ ఎక్కడంలో మగపిల్లలు ఆ అమ్మాయి తరవాతే. ఆవేళ ఆమె టైరు పంక్చరైంది. చిల్లు ఎక్కడుందో తెలియాలంటే ట్యూబును నీళ్లలో ముంచాలి, బుడగలు రావాలి. అందుకని సైకిలుతో సహా దారి విడిచి వాగులోకి దిగింది. ఆ కాసేపట్లోనే పైడిరాజు గారు పైన దారివెంట వెళ్లిపోయారు. తరవాత ఆమె తొందరగా అందుకోవాలని రాళ్లలో దూకించి పడింది. ముంజేయి విరిగింది.

మేము ఇంకా కంగారు పడుతుండగానే ఆయన సైకిలుతో సగం కొండ ఎక్కేశారు. వెనక నేనూ రొప్పుతూ వెళ్లాను. ఆ అమ్మాయి దారిపక్కన రాయిమీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. పిలిచావా తల్లీ, కేక వేశావా అని ఆయన అడుగుతున్నారు.

“నేదు మావయ్యా” అంది పార్వతి. “బోర్డు ఎల్లిపోనాది కదా. ఇంక నాకోసం ఎవులూ రారనుకున్నాను.”

ఆ మాట విన్నప్పుడు ఆయన ముఖం ఎలా అయిందో రాయడం నా చేతకాదు. తన తలపాగా తువ్వాలు విప్పి చేతికి కట్టు కట్టారు. కేరియరు మీది బోర్డు విప్పేసి దాని స్థానంలో ఆమెను కూర్చోబెట్టి, కొండ దిగేవరకూ సైకిలు నడిపించుకుంటూ వచ్చారు.

తరవాత కాలనీ అట్టుడికింది. సంఘం ఎత్తేయాలన్నారు. ఆడపిల్లలకు కొండలేమిటని అన్నవాళ్లు కొందరు, అన్నదే మళ్లీ హిందీలోనూ అన్నవాళ్లు కొందరు. సభ పెట్టారు. పైడిరాజు గారిని వెనకేసుకొచ్చిన తోటి గార్డులు నియమప్రకారం ఆయన ఆఖరునే వచ్చారనీ, పిల్లే దారి తప్పిందనీ వాదించారు. సత్యం గారు లేచి, “నా పిల్లని కొండమీద ఒగ్గీసి నువ్వు బువ్వ దగ్గిరికి వచ్చీసినావు” అన్నారు.

పైడిరాజు గారు లేచారు. తోటి గార్డుల వైపు చూసి వద్దన్నట్టు చెయ్యి ఊపారు.

“బోర్డు పెట్టెల కోసం. మనుసుల్ని మనుసులే సూసుకోవాల. నాను సూడనేదు, తప్పు నాది. సంగం మూసీమంటే మూసీండి. గానీ సత్యం, ఆ గుంట మళ్లీ సైకిలెక్కకుండా మాత్రం ఆపకు. నీకు దణ్ణం పెడతాను.”

నిజంగానే చేతులు జోడించారు. వెనక బెంచీలోంచి, చేతికి పట్టీతో, పార్వతి తను మళ్లీ వెళ్తానని తండ్రికి హిందీలో చెప్పింది. పట్టీ విప్పిన తరవాతి యాత్రకు సత్యం గారే ఒక సైకిలు సంపాదించుకుని స్టేషనుకు వచ్చారు. రైలింజను నడిపే మనిషి. కూతురి వెనకే తొక్కుతూ, కొండనూ రాళ్లనూ పైడిరాజు గారినీ సమానంగా తిట్టుకుంటూ దిగారు. మళ్లీ మానలేదు.

ఆనాటినుంచి బోర్డు లేదు. కొత్త నియమం వచ్చింది. ప్రతి మనిషీ తన వెనకవాళ్లు ఎవరో ఎరిగి ఉండాలి, ప్రతి మలుపులోనూ ఆగి వాళ్లు కనబడ్డాకే కదలాలి. యాత్రలు నెమ్మదించాయి. పందేల ధ్యాస ఉన్నవాళ్లు కొందరు విసుక్కుని మానేశారు. కానీ ఎన్నడూ రానివాళ్లు రావడం మొదలైంది. మోకాళ్ల నొప్పులవాళ్లు, కొత్తగా సైకిలు నేర్చిన గృహిణులు, బ్యాంకులోకి బదిలీ మీద వచ్చి ఎవరూ తెలియని కుర్రవాళ్లు. మలుపులో ఆగినప్పుడు మాటలు కలిసేవి. ఆ మాటల్లో కుదిరిన పెళ్లిళ్లు కూడా ఉన్నాయి, పేర్లు రాస్తే కొడతారు. సంఘం సంఘమైంది అప్పుడేనని నా అభిప్రాయం. దానికి కారణం ఒక మనిషి నిండుసభలో తన తప్పును తనది అనగలగడం. అంతటి ధీరోదాత్తతను నేను మరెక్కడా చూడలేదు.

ఇక ప్రస్తుతానికి వస్తాను. దహనసంస్కారాలు అయ్యాక నేను ఒక నిర్ణయానికి వచ్చాను. కొండదారులన్నీ ఆయనకే తెలుసు. పల్లెవాళ్లు ఆయన ముఖం చూసి తలుపులు తీశారు. ఆయన లేని సంఘం నెలకొకరుగా రాలిపోవడం చూసేకంటే, సంతాపసభతోబాటే గౌరవంగా ముగించేస్తే మేలనుకున్నాను. ఆ మాటే వారి సతీమణి కాంతమ్మ గారితో అన్నాను. ఆవిడ విని, మీ ఇష్టం బాబూ అని లోపలికి వెళ్లిపోయారు. ఆవిడ నోట విని, మర్నాడు పొద్దున్నే పార్వతి మా ఇంటికి వచ్చింది. ఇప్పుడామె తిఫ్రాలో ఒక బడిలో పాఠాలు చెబుతోంది, రోజూ సైకిలు మీదే వెళ్తుంది. ఇంట్లోకి రమ్మన్నా రాలేదు.

“మూసీడానికి మీరెవులు బాబాయ్? ఆదివారం తీసుకెల్తానని మా బడి ఆడపిల్లలకి మావయ్య మాటిచ్చీసినారు. ఆళ్లకి నానేటి చెప్పాల?”

ఆ సంగతి నాకు తెలియదు. బ్రేకు రబ్బర్ల తొందర ఎందుకో అప్పుడర్థమైంది. బజారుకు పరిగెత్తాను.

ఆదివారం పొగమంచులో స్టేషనుకు వెళ్తూ, పార్వతీ ఆ పిల్లలూ తప్ప ఎవరూ రారని నిశ్చయించుకున్నాను. ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టే చోటు లేదు. మానేసినవాళ్లు వచ్చారు. రిటైరైనవాళ్లు వచ్చారు. తిఫ్రా ఆడపిల్లలు అద్దె సైకిళ్లతో, ఒకరి జడ ఒకరు సరిచేసుకుంటూ నిలబడ్డారు. అన్ని సైకిళ్లు చూసి లగేజీ పెట్టె దగ్గర కూలీ నెత్తి కొట్టుకున్నాడు. కాంతమ్మ గారు మైల మాట పక్కనబెట్టి వచ్చి, పక్కింటివాళ్లచేత చేయించిన బూరెల డబ్బా నా చేతిలో పెట్టి, కళ్లు తుడుచుకుని, పిల్లలకు మంచినీళ్లు పట్టారా లేదా అని అడిగారు. కొండమీద ఆ పిల్లలు పడ్డారు, లేచారు, కేరింతలు కొట్టారు. ఒక పిల్ల పైకి చేరాక సైకిలు పట్టుకుని కిందికి చూస్తూ నిలబడిపోయింది. ఆయన ఉంటే ఆ పిల్ల పక్కన నిలబడి తానూ చూసేవారు.

మహాశయా, మీవంటి మనిషి మళ్లీ దొరకడు. ఓదార్పు కోసం దొరుకుతాడని రాయలేను. తెలుగు చదవడం రాని మన పిల్లలకు ఈ నాలుగు మాటలూ పెద్దలెవరైనా చదివి వినిపిస్తే అదే నా పుష్పాంజలి.

తిరుగు బండి దిగాక అందరూ సైకిళ్లు దింపుకుంటున్నారు. సత్యం గారు నా దగ్గరికి వచ్చి, వచ్చే ఆదివారం ఎన్నింటికని అడిగారు. తన డ్యూటీ చూసుకుని ఆ సమయం చెప్పడం ఇన్నేళ్లూ పైడిరాజు గారి పని. అలవాటుగా వెనక్కి తిరిగాను. పిల్లలూ సైకిళ్లూ, కాంతమ్మ గారి ఖాళీ డబ్బా పట్టుకుని పార్వతీ. సత్యం గారు ఇంకా నిలబడే ఉన్నారు.

“ఆరింటికండి” అన్నాను. ఆయనకు వినబడలేదు. గొంతు సవరించుకుని మళ్లీ చెప్పాను.