రాయి తాకిందన్న మనిషి

నా కూతురికి చెమట పట్టదు. పుట్టుకతోనే ఒంట్లో చెమట గ్రంథులు లేవు. ఎండలో మనకు చెమట పోసి ఒళ్లు చల్లబడుతుంది, తనకు కాలిపోతుంది. చల్లని గదిలో కూర్చోబెడతామన్న బడి పటాన్‌చెరులో దొరికింది కాబట్టి, పోతిరెడ్డిపల్లి నుంచి రోజూ కారులోనే తీసుకెళ్లేవాణ్ని. సంగారెడ్డిలో పప్పుల దుకాణం నడుపుకునే నేను కారు కొన్నది హోదా కోసం కాదు, దాని ఏసీ కోసం.

పిల్ల పదో తరగతి చదివిన ఏడాది ఆ ఏసీ నాతో ఆడుకుంది. గ్యాస్ నింపిస్తే పది రోజులు చల్లగా వచ్చేది, ఆ తర్వాత వేడిగాలే. నింపినవాళ్లతో నేను గొంతు చించుకునేవాణ్ని. మా అమ్మ మాత్రం తన వైద్యం తను చేసేది. మనవరాలు ఎక్కే కారుకు దిష్టి తగిలిందని ప్రతి శనివారం నిమ్మకాయ, మిరపకాయల దండ కట్టేది. దారమైతే తెగిపోతుందని ఇనుప తీగకు గుచ్చి, కారు ముందు జాలీలోంచి దూర్చి గట్టిగా మెలిపెట్టేది. ఏసీ చెడిపోయినప్పుడల్లా ఇంకో మెలిక పడేది.

లెక్కల పరీక్ష రాసి మధ్యాహ్నం తిరిగొస్తుంటే, ఇస్నాపూర్ దగ్గర లారీల మధ్య ఇరుక్కుపోయాం. సరిగ్గా అప్పుడే ఏసీ వేడిగాలి కొట్టింది. అద్దాలు దించితే బయట అంతకన్నా వేడి. పరీక్షకు తోడొచ్చిన అమ్మ వెనక సీట్లో పిల్ల తల మీద తడి తువ్వాలు కప్పి, సీసా ఖాళీ అయ్యేదాకా నీళ్లు పోసింది. పిల్ల మాట్లాడడం మానేసింది. సందు దొరకగానే రోడ్డు పక్కన కనబడిన ఏసీ మెకానిక్ షెడ్డులోకి కారు తిప్పాను.

అక్కడి మెకానిక్ పిల్లను ఒక్క చూపు చూశాడు.

"కారు తర్వాత సూద్దాం సేటు. ముందుగాల బిడ్డను కూలర్ ముంగట కూసోబెట్టుండ్రి."

చల్లని నీళ్లు తెప్పించాడు. పావుగంటకు పిల్ల కళ్లు తెరిచి, "డాడీ, ఆఖరి లెక్క గూడ చేసిన," అంది. నా ప్రాణం కుదుటపడింది. కుదుటపడగానే కోపం వచ్చింది.

"జల్దీ గ్యాస్ నింపు భాయ్," అన్నాను.

"ఇప్పుడే నింపను. గ్యాస్ వాడితే అయిపోయేది కాదు సేటు. పోతుందంటే యాడనో చిల్లు ఉన్నట్టే."

గొట్టాల్లోకి ప్రెషర్ ఎక్కించి, సబ్బు నురుగు పూస్తూ వచ్చి ముందు జాలీ దగ్గర ఆగాడు. నన్ను మెల్లగా పిలిచాడు. అమ్మ మెలిపెట్టిన తీగ కొన లోపల గ్యాస్ తిరిగే కండెన్సర్‌ను రాసి రాసి, సూదిమొనంత చిల్లు చేసింది. అక్కడ బుడగలు లేస్తున్నాయి.

నా నోరు నా అదుపులో ఉండేది కాదు. తడిసిన చీరతో కూలర్ పక్కన కూర్చున్న అమ్మ వైపు గిర్రున తిరిగాను. ఆయన నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని, నాకన్నా ముందే అన్నాడు:

"రాయి తాకిందమ్మా. ఈ తొవ్వల కంకర లారీలు గదా."

"గట్లనా," అంది అమ్మ.

కొత్త కండెన్సర్ తెప్పించి బిగించాడు. గొట్టాల్లోని గాలంతా లాగేసి, మీటరు ముల్లు అరగంట కదలకుండా నిలబడ్డాకే గ్యాస్ ఎక్కించాడు. నేను మూడుసార్లు జల్దీ అన్నా ముల్లు మీద నుంచి చూపు తిప్పలేదు. ఇంటికొచ్చేటప్పుడు పిల్ల చలేస్తోందని నానమ్మ కొంగు కప్పుకుంది. దిగి చూస్తే, ఆయన తీగ తీసేసి దండను నంబర్ ప్లేటుకు నూలు దారంతో కట్టి ఉంచాడు.

మిగిలిన పరీక్షలన్నిటికీ పిల్ల చల్లగా వెళ్లి చల్లగా వచ్చింది. మళ్లీ గ్యాస్ నింపాల్సిన పని ఇంతవరకు పడలేదు.

కారు బాగైన ఆ వారం, శనివారం నాడు అమ్మ కొత్త దండ పట్టుకుని కారు దగ్గరకు వచ్చింది.

"తీగ తేవాల్నా?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"వద్దు బిడ్డా." దారం ముడేస్తూ అంది. "నాకు ఆ దినమే సమజైంది. నిజంగ రాయే తాకితే నువ్వు ఎంత లొల్లి చేస్తుంటివి. సప్పుడు గాకుంట నిలబడ్డవు. నా మీద గంత ప్రేమ ఉందని నాకేం తెల్సు."

నాకు సిగ్గేసింది. ఆ మౌనం నాది కాదని, నా మోచెయ్యి ఆయన చేతిలో ఉందని అమ్మకు నేటికీ చెప్పలేదు. ఆ షెడ్డు ముందు నుంచి పోయిన ప్రతిసారీ కారు ఆపి, దిగి, ఆయన చెయ్యి పట్టుకుని పలకరించి పోతాను.