పస్తుండి నెత్తురు తీసిన బావ

ఇది రాయకుండానే వదిలేద్దామనుకున్నాను. మా బావకు పొగడ్తంటే పడదు. పైగా నా రాతలో తప్పులు వెతికే మనిషి ఇక లేడు. మార్కాపురంలో రక్తపరీక్షలు చేసే మా బావ పోయిన నెల గుండెపోటుతో పోయాడు. ఊరందరి కొవ్వూ చూసినవాడు తనది ఎన్నడూ చూసుకోలేదు.

నేను బడికి పోయింది తక్కువ. జీపు నడపడం, చేతికందిన కాగితమల్లా చదవడం, ఈ రెండే నా చదువు. పకోడీలు కట్టిన కాగితాన్ని కూడా చదివి గానీ పారేయను. సరే, అది వేరే కథ. ఆ జీపులోనే బావను పెద్దారవీడు దాటించి నల్లమల అంచున ఉన్న చెంచుగూడేనికి తీసుకుపోయేవాణ్ణి. చెంచుల నెత్తుటిలో కొవ్వును మోసే ప్రోటీన్లు పుట్టుకతో ఎలా ఉంటాయో చూడాలని ఎవరో పెద్ద చదువులవాళ్ళు ఆయనకు పని అప్పగించారు.

"కొవ్వు నీళ్ళల్లో కలవదు బామ్మర్దీ. దాన్ని మోసేదానికి హమాలీలుండాల. ఆ హమాలీల తీరు వంశానికో రకం" అనేవాడు.

ఆ పరీక్షకు రాత్రినుంచి పస్తుండాలి. గూడెంవాళ్ళను పస్తుండమన్న రోజు బావ కూడా పస్తే. నేను టీ తాగబోతే గ్లాసు లాక్కునేవాడు.

"నా నెత్తురు ఎవరిక్కావాల బావా?"

"వాళ్ళ ముందర నమిలే నోరు నా పక్కన కూర్చోగూడదు."

సూదులన్నీ అయ్యాక గూడెం పెద్దవ్వ తేనెగిన్నె తెచ్చేది. అందరం ఒక్కసారే నోరు తీపి చేసుకునేవాళ్ళం.

చివరిసారి ఆ అవ్వ అడిగింది. "మా నెత్తురు ఏం చెప్పిందో వచ్చి చెప్తావా నాయనా?"

"చెప్తానవ్వా. అది తెలీకుండా నీకు మొగం చూపించను."

ఏళ్ళు గడిచినా ఆ పెద్ద చదువులవాళ్ళ నుంచి జవాబు రాలేదు. బావ ఉత్తరాలు రాశాడు, ఫోన్లు చేశాడు, గూడేనికి పోవడం మానేశాడు.

"పోదాం పా బావా, అవ్వ ఏమీ అనుకోదులే" అన్నానొకసారి.

"అనుకోదు. అందుకే పోలేను."

ఆయన దినాలు అయిన మర్నాడు వాళ్ళ దగ్గర్నుంచి కాగితం వచ్చింది. అంతా ఇంగ్లీషు. డిక్షనరీ పెట్టుకుని మూడు రోజులు చదివాను. అందులో అవ్వ పేరు లేదు, బావ పేరూ లేదు. బావ తరఫున వస్తున్నానని గూడేనికి కబురు పంపాను. ఎందుకో చెప్పలేదు, ఆ తప్పు నాదే.

అవ్వ గుడిసె ముందు కూర్చుని ఉంది. బావ పోయాడని చెప్పాను. కూర్చోమని తన పక్కన నేల చూపించింది. తర్వాత కాగితం విప్పాను.

"కొవ్వును మోసేవి కొన్ని మీకూ మాకూ ఒకటేనంటవ్వా. కొన్ని వేరంట."

"ఇంతేనా?"

"ఇంతే."

"దీనికా ఆయప్ప ఇన్నేండ్లు రాకుండా పోయింది?" అంది. చెయ్యి చాపింది. "సరే, తీసుకో. రాత్రినుంచి ఏమీ తిన్లేదు."

సూది తేలేదని చెప్పాను. అవ్వ లోపలికి పోయి తేనెగిన్నె తెచ్చింది.

నేను దారిలో టీ తాగి వచ్చాను.